మాడ్యూల్ పేరు, మాడ్యూల్ తీరు: వెబ్ అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లపై ఒక విమర్శ

పాఠ నిర్మాణక్రమం

6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 మాడ్యూల్ అన్న మాటకు రెండు అర్థాలు
6.3 రెండు సారంగాపూర్‌లు
6.4 ఫ్రంట్ ఎండ్‌లోని ఉమ్మడి ఆస్తి
6.5 మూడు ఫ్రేమ్‌వర్క్‌లు, మూడు దారులు
6.6 'నడుస్తున్నది కదా' అన్న వాదన
6.7 విడగొట్టడం హద్దు మీరితే
6.8 పరీక్షించే పద్ధతి
6.9 సారాంశం
6.10 ముఖ్య పదాలు
6.11 నమూనా ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• మెనూలో కనిపించే మాడ్యూల్‌కూ, ప్రోగ్రాం నిర్మాణంలోని మాడ్యూల్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఒక అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫ్రంట్ ఎండ్ డిపెండెన్సీలు ఎలా పాతబడతాయో, ఎందుకు కదలకుండా ఉండిపోతాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వర్డ్‌ప్రెస్, జూమ్లా, జాంగో ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును పోల్చి విమర్శించగలుగుతారు.
• మీ చేతికి వచ్చిన ఒక అడ్మిన్ ప్యానెల్‌ను పరీక్షించి, దాని మాడ్యులారిటీ నిజమైనదో కాదో తేల్చగలుగుతారు.

6.1 పరిచయం

మీరు రోజూ చూసే వెబ్‌సైట్లలో చాలావాటికి వెనుక మరో తెర ఉంటుంది. కళాశాల సైట్‌లో విద్యార్థి ఫలితాలు చూసుకుంటాడు. ఆ మార్కులను నమోదు చేసే ఉద్యోగి చూసే తెర వేరు. మీసేవలో పౌరుడు ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకుంటాడు. దాన్ని పరిశీలించి ఆమోదించే తెర తహసీల్ కార్యాలయంలో ఉంటుంది. లాగిన్, జాబితా, వెతుకులాట, కొత్త నమోదు, సవరణ, తొలగింపు, ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే పట్టిక: ఏ సంస్థ తీసుకున్నా ఈ వెనుక తెరలో ఉండేవి దాదాపు ఇవే. ప్రతిసారీ వీటిని మొదటి నుంచి రాయడం వృథా శ్రమ. అందువల్ల వీటిని సిద్ధంగా అందించే ఫ్రేమ్‌వర్క్‌లు వచ్చాయి. జాంగో, జూమ్లా, వర్డ్‌ప్రెస్, ద్రూపల్ అటువంటివి. వాటి పుట్టుక, ప్రయోజనం వేరైనా, అడ్మిన్ తెరను తయారుచేసి ఇవ్వడం వాటన్నింటిలోనూ ఉంది. ఈ పాఠంలో వాటిని కలిపి అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లు అని పిలుచుకుందాం.

ఈ ఫ్రేమ్‌వర్క్‌లన్నీ తమది మాడ్యులర్ నిర్మాణమని చెప్పుకుంటాయి. కావలసిన మాడ్యూల్‌ను చేర్చుకోండి, పని మొదలుపెట్టండి అంటాయి. చేర్చడం సులువే, అందులో అబద్ధం లేదు. అయితే ఈ పాఠంలో నేను చేసే వాదన ఒక్కటే. ఒక భాగాన్ని చేర్చడం ఎంత సులువో చూసి మాడ్యులారిటీని కొలవకూడదు. ఆ భాగాన్ని తీసి, దాని చోట మరొకటి పెట్టడం ఎంత సులువో చూసి కొలవాలి. ఈ కొలబద్దతో చూస్తే చాలా ఫ్రేమ్‌వర్క్‌లు సర్వర్ వైపు నెగ్గుతాయి, బ్రౌజర్ వైపు ఓడిపోతాయి. బ్రౌజర్‌లో నడిచే లైబ్రరీలు ఏ ఒక్క మాడ్యూల్‌కూ చెందకుండా అన్ని మాడ్యూళ్లలోకీ అల్లుకుపోయి ఉండటమే ఇందుకు కారణం.

ఈ విషయం ప్రోగ్రామర్లు తమలో తాము చర్చించుకోవలసినది మాత్రమే అనిపించవచ్చు. కానీ తెర మీద బటన్ పనిచేయని రోజున నష్టపోయేది ప్రోగ్రామర్ కాదు. పని మానుకుని మండల కేంద్రానికి వచ్చి, 'సర్వర్ డౌన్' అన్న మాట విని తిరిగి వెళ్ళేవాడు నష్టపోతాడు. అతనికి ఆ రోజు కూలి పోతుంది. సర్వర్ నిజానికి బాగానే నడుస్తుండవచ్చు; తెరలోని ఒక పాత ఫైలు ఆగిపోయి ఉండవచ్చు. ఆ తేడా కౌంటర్ దగ్గర ఎవరికీ తెలియదు.

6.2 మాడ్యూల్ అన్న మాటకు రెండు అర్థాలు

తెలంగాణ పల్లెలకు 'మాడ్యూల్' అన్న మాట కంప్యూటర్ పుస్తకాల నుంచి రాలేదు, ధరణి నుంచి వచ్చింది. 2020 అక్టోబర్ 29న ప్రారంభమైన ఆ భూరికార్డుల పోర్టల్‌లో అమ్మకానికి ఒక మాడ్యూల్, వారసత్వ బదిలీకి ఒక మాడ్యూల్, పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి మరో మాడ్యూల్ ఉండేవి. సవరణ కోసం తిరిగిన రైతులు 'టీఎం 33' అన్న పేరును నోటికి నేర్చుకున్నారు. మాడ్యూళ్ల సంఖ్య ముప్పై దాటింది. తన సమస్య ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో తేల్చుకోవడమే రైతుకు ఒక సమస్య అయింది. సరైనది కాని మాడ్యూల్‌లో దరఖాస్తు పెడితే అది తిరస్కరణకు గురై, పని మళ్ళీ మొదటికి వచ్చేది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చినప్పుడు మాడ్యూళ్లను తగ్గించడాన్ని ప్రధానమైన మార్పుల్లో ఒకటిగా ప్రకటించారు.

ఆ పోర్టల్ లోపలి కోడ్ మన చర్చ పరిధిలోకి రాదు. మనకు కావలసింది ఆ మాట వాడిన తీరు. ఇక్కడ మాడ్యూల్ అంటే మెనూలో ఒక వరుస, ఒక సేవ పేరు. దీన్ని మొదటి అర్థం అనుకుందాం.

రెండో అర్థం సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి చెందినది. డేవిడ్ పార్నస్ 1972లో ప్రచురించిన వ్యాసంలో, ఒక వ్యవస్థను మాడ్యూళ్లుగా విడగొట్టడానికి ఏది ప్రమాణం కావాలి అని ప్రశ్నించాడు. ముఖ్యపదాల సూచికను తయారుచేసే ఒక చిన్న ప్రోగ్రాంను తీసుకుని దాన్ని రెండు విధాలుగా విడగొట్టి చూపాడు. మొదటి పద్ధతిలో పని జరిగే వరుసను బట్టి ముక్కలు చేశాడు: చదవడం, తిప్పడం, అకారాదిగా అమర్చడం, ముద్రించడం. రెండో పద్ధతిలో, రేపు మారే అవకాశం ఉన్న ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క మాడ్యూల్‌లో దాచాడు. రెండు ప్రోగ్రాంలూ పనిచేస్తాయి. తేడా మార్పు వచ్చినప్పుడు బయటపడుతుంది. డేటా దాచే తీరు మారితే మొదటి పద్ధతిలో దాదాపు ప్రతి ముక్కనూ ముట్టుకోవాలి. రెండో పద్ధతిలో ఒక్కదాన్ని ముట్టుకుంటే చాలు.

అంటే మాడ్యూల్ ఒక పనికి పెట్టిన పేరు కాదు, ఒక నిర్ణయాన్ని దాచిన చోటు. అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌ల ప్రచారంలో ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. 'మా దగ్గర యాభై మాడ్యూళ్లు ఉన్నాయి' అన్నప్పుడు చెప్పేది మొదటి అర్థం, కొనుక్కునేవాడు ఆశించేది రెండో అర్థం.

6.3 రెండు సారంగాపూర్‌లు

ఈ తేడాను మన ప్రాంతపు ఉదాహరణతో చూద్దాం. సారంగాపూర్ మండలం 2016 అక్టోబర్ 10 వరకు కరీంనగర్ జిల్లాలో ఉంది. మరుసటి రోజున, అంటే అక్టోబర్ 11న, తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. సారంగాపూర్, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వచ్చాయి. సిరిసిల్ల తానే ఒక జిల్లా కేంద్రమైంది. సారంగాపూర్ మండలం గ్రామాలు కొన్ని కొత్తగా ఏర్పడిన బీర్‌పూర్ మండలంలోకి వెళ్ళాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట జిల్లాలు ఏర్పడి సంఖ్య 33కు చేరింది.

ఇప్పుడు ఒక అడ్మిన్ ప్యానెల్‌ను ఊహించండి. అందులో పింఛన్లు, ఉపకార వేతనాలు, ధ్రువపత్రాలు అని మూడు మాడ్యూళ్లు ఉన్నాయి. మూడింటిలోనూ జిల్లా ఎంచుకుంటే మండలాల జాబితా, మండలం ఎంచుకుంటే గ్రామాల జాబితా వచ్చే ఫారం ఉంది. మూడు మాడ్యూళ్లను ముగ్గురు రాశారు. ఆ జాబితాను ఒకరు డేటాబేస్ నుంచి తెచ్చారు, ఒకరు ఫారం పేజీలోనే రాసేశారు, ఒకరు బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్ట్ ఫైలులో పెట్టారు. అక్టోబర్ 11 ఉదయం ఏం జరుగుతుంది? డేటాబేస్‌లో మార్పు చేయగానే మొదటి మాడ్యూల్ సారంగాపూర్‌ను జగిత్యాల కింద చూపుతుంది. మిగిలిన రెండూ కరీంనగర్ కిందనే చూపుతూ ఉంటాయి. మెనూలో మూడు మాడ్యూళ్లు వేరువేరుగా, చక్కగా కనిపిస్తాయి. పార్నస్ ప్రమాణంతో చూస్తే అక్కడ మాడ్యూలే లేదు. మారే అవకాశం ఉన్న ఒక నిర్ణయం మూడు చోట్ల చెదిరిపోయి ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిర్మల్ జిల్లాలోనూ ఒక సారంగాపూర్ మండలం ఉంది; అడెల్లి పోచమ్మ గుడి ఉన్నది అక్కడే. అది పూర్వం ఆదిలాబాద్ జిల్లాలోది. కాబట్టి మండలం పేరునే గుర్తింపుగా పెట్టుకున్న స్క్రిప్ట్‌కు రెండు మండలాలూ ఒకటే. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పేరును రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇటువంటి చిక్కుల కోసమే కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి మండలానికీ, ప్రతి గ్రామానికీ ఒక ప్రత్యేక సంఖ్యను ఇచ్చింది. పేరు మారినా, జిల్లా మారినా, సంఖ్యను పట్టుకుని రికార్డును గుర్తించవచ్చు. 'ఈ ప్రాంతం ఏది' అన్న జ్ఞానం ఒక్కచోట ఉండి, మిగిలిన మాడ్యూళ్లు ఆ సంఖ్యతో అడిగి తెలుసుకుంటే అది నిజమైన మాడ్యూల్ అవుతుంది.

6.4 ఫ్రంట్ ఎండ్‌లోని ఉమ్మడి ఆస్తి

పై ఉదాహరణలో సర్వర్ వైపు సమస్యకు పరిష్కారం సులువుగానే దొరికింది. బ్రౌజర్ వైపు సమస్య ఇంతకంటే లోతైనది.

జిల్లా మార్చగానే మండలాల జాబితా మారడం, తేదీ గడిలో క్యాలెండర్ తెరుచుకోవడం, పట్టికలో వరుసలను అమర్చడం: ఇవి చేయడానికి అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లు చాలా ఏళ్లు జేక్వెరీ అన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద ఆధారపడ్డాయి. జాన్ రెసిగ్ 2006లో దాన్ని విడుదల చేశాడు. అప్పట్లో ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా ప్రవర్తించేది. జేక్వెరీ ఆ తేడాలను దాచి అన్నింటికీ ఒకే భాషను ఇచ్చింది. పార్నస్ అర్థంలో అది గొప్ప మాడ్యూల్. దానిపై వేల ప్లగిన్‌లు వచ్చాయి. తెర అందం కోసం 2011 నుంచి బూట్‌స్ట్రాప్ వచ్చి చేరింది.

చిక్కు వాటిని వాడిన తీరులో ఉంది. పాత పద్ధతిలో ఒక వెబ్ పేజీలోకి వచ్చిన స్క్రిప్ట్‌లన్నీ ఒకే పేర్ల జాగాను పంచుకుంటాయి. డాలర్ గుర్తు రాస్తే జేక్వెరీ అని అర్థం. పేజీలో ఒకే ఒక డాలర్ గుర్తు ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్ తన వెంట ఒక వెర్షన్ తెస్తుంది. పింఛన్ల మాడ్యూల్ రాసినవాడు దాన్నే వాడుకుంటాడు. ధ్రువపత్రాల మాడ్యూల్ రాసినవాడికి కొత్త వెర్షన్ కావలసి వచ్చి దాన్ని కూడా పేజీలోకి తెస్తాడు. రెండోసారి వచ్చిన జేక్వెరీ డాలర్ గుర్తును ఆక్రమిస్తుంది. మొదటి దానికి తగిలించిన క్యాలెండర్ ప్లగిన్ ఆ తర్వాత కనబడదు. పింఛన్ల మాడ్యూల్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. అయినా దాని తేదీ గడి పనిచేయదు.

రూపం విషయంలోనూ ఇంతే. బూట్‌స్ట్రాప్ 2లో సగం వెడల్పు గడికి 'స్పాన్6' అన్న తరగతి పేరు రాసేవారు. 2013లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 3లో ఆ పేరు 'కాల్-ఎండీ-6' అయింది. ఇటువంటి పేర్లు ఒక్కో మాడ్యూల్‌లోని ఒక్కో ఫారంలో వందల చోట్ల ఉంటాయి. అంటే డిపెండెన్సీ ఒక ఫైలుగా బయట ఉండిపోలేదు, మాడ్యూల్ ఒంట్లోకి ఎక్కింది. ఫైలును మార్చడం నిమిషం పని. ఒంట్లోకి ఎక్కినదాన్ని మార్చాలంటే ప్రతి ఫారం తిరగరాయాలి.

అందరూ వాడుకునేదీ, బాగుచేసే పూచీ ఎవరికీ లేనిదీ ఎప్పుడూ పాతబడుతుంది. ఊరి ఉమ్మడి బావికి పూడిక తీసేవాడు లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఫ్రేమ్‌వర్క్ రాసినవారు 'కొత్త వెర్షన్ పెడితే మాడ్యూళ్లు విరుగుతాయి' అంటారు. మాడ్యూళ్లు రాసినవారు 'ఫ్రేమ్‌వర్క్ మారితేనే మేం మారగలం' అంటారు. ఈ రెండు మాటల మధ్య ఏళ్లు గడుస్తాయి.

6.5 మూడు ఫ్రేమ్‌వర్క్‌లు, మూడు దారులు

ఈ ప్రతిష్టంభనను మూడు ప్రసిద్ధ ఫ్రేమ్‌వర్క్‌లు మూడు విధాలుగా ఎదుర్కొన్నాయి.

(అ) వర్డ్‌ప్రెస్: జేక్వెరీ 2013 జనవరిలో విడుదల చేసిన 1.9 వెర్షన్‌లో కొన్ని పాత పద్ధతులను తొలగించింది. వాటిలో 'లైవ్' ఒకటి. పాత కోడ్ విరగకుండా ఉండేందుకు జేక్వెరీ మైగ్రేట్ అనే వంతెన ఫైలును కూడా ఇచ్చింది. వంతెన తాత్కాలికం అని దాని ఉద్దేశం. వర్డ్‌ప్రెస్ ఆ వంతెన మీద ఏడేళ్లు నిలబడింది. అందులోని జేక్వెరీ 1.12.4 దగ్గర ఆగిపోయింది. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్‌లో వంతెనను తీసేశారు. పాత పద్ధతులు వాడిన ప్లగిన్‌లు, థీమ్‌లు ఉన్న సైట్లలో బటన్లు స్పందించడం మానేశాయి. నిర్వాహకులు వెంటనే వంతెనను తిరిగి వేసే ఒక సహాయక ప్లగిన్‌ను విడుదల చేయవలసి వచ్చింది. 2020 డిసెంబర్‌లో 5.6 వెర్షన్‌తో జేక్వెరీ 3.5.1కి చేరింది. వర్డ్‌ప్రెస్ సాకుగా చెప్పగలిగినది ఒకటుంది: కోట్ల సైట్లను మోసే బరువు దాని మీద ఉంది. కానీ ఏడేళ్లు హెచ్చరిక కనబడనివ్వకుండా మోసి ఒక్కరోజున దించడం వల్ల ఆ బరువంతా సైటు నడిపే చిన్నవాళ్ల మీద పడింది.

(ఆ) జూమ్లా: 2012 సెప్టెంబర్‌లో వచ్చిన జూమ్లా 3 తన అడ్మిన్ తెరలకు బూట్‌స్ట్రాప్ 2ను ఎంచుకుంది. ఏడాది తిరగకుండానే బూట్‌స్ట్రాప్ 3 వచ్చింది, తర్వాత 4 వచ్చింది. జూమ్లా 3 మాత్రం 2023 ఆగస్టులో మద్దతు ముగిసే దాకా బూట్‌స్ట్రాప్ 2తోనే కొనసాగింది. 2021 ఆగస్టులో వచ్చిన జూమ్లా 4 నేరుగా బూట్‌స్ట్రాప్ 5కు దూకింది. ఎక్స్‌టెన్షన్ రాసినవారికి తొమ్మిదేళ్ల స్థిరత్వం దక్కింది. అది చిన్న విషయం కాదు. దానికి చెల్లించిన మూల్యం, మధ్యలో మెట్టు లేని ఎత్తైన గోడ. చాలా ఎక్స్‌టెన్షన్‌లకు మార్పు అంటే మరమ్మతు కాదు, పునర్నిర్మాణం. రాసినవాడు ఆ పని మానేసిన చోట, వాడుకునే సంస్థకు పాత వెర్షన్‌లో ఉండిపోవడం తప్ప దారి లేకపోయింది.

(ఇ) జాంగో: అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి 2005లో బయటి ప్రపంచానికి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ఇది. దీని అడ్మిన్ కూడా జేక్వెరీని వెంట తెచ్చుకుంటుంది. కానీ దాన్ని పేజీలోని ఉమ్మడి డాలర్ గుర్తుకు అప్పగించలేదు. 'జాంగో డాట్ జేక్వెరీ' అన్న తన సొంత పేరు కింద దాచుకుంది. మీ మాడ్యూల్‌కు వేరే వెర్షన్ కావాలంటే తెచ్చుకోవచ్చు, ఒకదానికొకటి తగలవు. ఈ చిన్న నిర్ణయం వల్ల జాంగో తన జేక్వెరీని పలుమార్లు కొత్త వెర్షన్‌కు మార్చగలిగింది. అడ్మిన్‌లోని కొన్ని స్క్రిప్ట్‌లను జేక్వెరీ అవసరమే లేకుండా తిరగరాయగలిగింది కూడా. ఇందులోనూ లోపం లేకపోలేదు: చాలామంది ప్రోగ్రామర్లు సొంత లైబ్రరీ తెచ్చుకోకుండా ఆ దాచిన పేరునే వాడుకుంటారు. అప్పుడు దాచినది మళ్ళీ ఉమ్మడి అవుతుంది.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకే రకమైన పాత లైబ్రరీలతో వ్యవహరించాయి. వర్డ్‌ప్రెస్ వాయిదా వేసి హఠాత్తుగా మార్చింది. జూమ్లా వాయిదా వేసి అంతా ఒకేసారి మార్చింది. జాంగో మొదట్లోనే సరిహద్దు గీసి, తర్వాత కొంచెం కొంచెంగా మార్చింది. నా అభిప్రాయంలో మూడో దారి మేలైనది. లైబ్రరీ ఎంపికలో జాంగోకు ప్రత్యేకమైన తెలివేమీ అక్కరలేకపోయింది. ఎంచుకున్నది ఒకనాడు పాతబడుతుందని ముందే ఒప్పుకోవడంలో దాని వివేకం ఉంది.

6.6 'నడుస్తున్నది కదా' అన్న వాదన

పాత లైబ్రరీని కదపవద్దు అనేవారి వాదనను తేలికగా కొట్టివేయకూడదు. చిన్న కార్యాలయానికి డబ్బు లేదు, మనిషి లేడు. నడుస్తున్నదాన్ని ముట్టుకుని పాడుచేస్తే అడిగేది వాళ్లనే.

సిరిసిల్లను చూపి ఈ వాదనను ఇంకా బలంగా చెప్పవచ్చు. అక్కడ పాత రకం సాంచాలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. నాడె అరిగితే కొత్తది వేస్తారు, పట్టీ తెగితే మారుస్తారు. పాతది కదా అని ఏ ఆసామీ సాంచాను పారేయడు. మరి పాత సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?

పోలిక బాగుంది, కానీ రెండు చోట్ల తెగిపోతుంది. మొదటిది, పాత సాంచా నడవడానికి కారణం అది పాతది కావడం కాదు. దాన్ని బాగుచేసే మనిషి, దానికి సరిపడే విడిభాగం అదే ఊళ్లో దొరకడం. సాఫ్ట్‌వేర్‌లో మద్దతు ముగిసిందంటే ఆ మెకానిక్, ఆ విడిభాగాల దుకాణం రెండూ మూతపడ్డాయని అర్థం. బూట్‌స్ట్రాప్ 3కు 2019 జూలైలో, యాంగులర్‌జేఎస్‌కు 2021 డిసెంబర్‌తో మద్దతు ముగిసింది. రెండోది, సాంచా చుట్టూ ఉన్న గది మారదు. వెబ్ పేజీ నడిచే గది బ్రౌజర్. అది నెలనెలా మారుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్‌లో తెర పడింది. ఫ్లాష్ 2020 చివర్లోనే పోయింది. వాటిని నమ్ముకున్న తెరలు తమ తప్పు లేకుండానే ఆగిపోయాయి.

ఒక కళాశాలలో మార్కులు నమోదు చేసే గదిలో నేను చూసిన కంప్యూటర్ మీద 'అప్‌డేట్ చేయవద్దు' అని కాగితం అతికించి ఉండేది. ఆ ప్యానెల్‌లోని తేదీ గడి కొత్త బ్రౌజర్‌లో తెరుచుకోదు. అందుకని పాత బ్రౌజర్ ఉన్న ఆ ఒక్క యంత్రాన్ని కాపాడుకుంటూ వచ్చారు. పరీక్షల కాలంలో దాని ముందు వరుస కట్టేవారు. భద్రతా సవరణలు కూడా అందని యంత్రంలో విద్యార్థుల మార్కులు నమోదవుతున్నాయన్నమాట. ఒక పాత క్యాలెండర్ ప్లగిన్‌ను మార్చలేకపోవడం వల్ల మొత్తం యంత్రం పాతదిగా ఉండవలసి వచ్చింది. పాతదనం ఇలా అంటుకుంటూ పోతుంది.

భద్రత సంగతి మరీ ముఖ్యం. జేక్వెరీ పాత వెర్షన్‌లలో, బయటి నుంచి వచ్చిన పాఠాన్ని పేజీలో చేర్చేటప్పుడు దొంగ స్క్రిప్ట్ నడిచే అవకాశం ఉన్న లోపాలను కనుగొని 2020 ఏప్రిల్‌లో 3.5.0 వెర్షన్‌లో సరిచేశారు. సవరణ ఉచితం, అందరికీ అందుబాటులో ఉంది. అయినా 2025 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ వాటిలో ఒక లోపాన్ని 'దాడులకు వాడుతున్న లోపాల' జాబితాలో చేర్చింది. మందు వచ్చి అయిదేళ్లయినా రోగం పోలేదన్నమాట. అడ్మిన్ తెరలో ఇది మరింత ప్రమాదం. పౌరుడు దరఖాస్తులో రాసిన పాఠాన్ని అక్కడ తెరిచి చూసేది అధికారం ఉన్న ఉద్యోగి. దొంగ స్క్రిప్ట్ నడిస్తే అతని అధికారంతోనే నడుస్తుంది. వెబ్ భద్రతపై ఓవాస్ప్ సంస్థ ప్రకటించే మొదటి పది ముప్పుల జాబితాలో, లోపాలున్న లేదా పాతబడిన భాగాల వాడకం 2017లో తొమ్మిదో స్థానంలో ఉండి 2021లో ఆరో స్థానానికి ఎగబాకింది.

అంతమాత్రాన పాతదంతా చెడ్డదని అనుకోకండి. పాతబడటాన్ని మూడు రకాలుగా చూడాలి. లోపం తెలిసి, సవరణ వచ్చి, మనం వేసుకోనిది మొదటి రకం. ఇది తక్షణం మార్చవలసినది. మద్దతు ముగిసింది కానీ తెలిసిన లోపం లేనిది రెండో రకం; దీనికి గడువు పెట్టుకోవాలి. వయసు మాత్రమే పెరిగింది, నిర్వహణ జరుగుతున్నది మూడో రకం. దీన్ని ఫ్యాషన్ కోసం మార్చడం అనవసర ఖర్చు.

6.7 విడగొట్టడం హద్దు మీరితే

ఉమ్మడి ఆస్తి వల్ల ఇంత చిక్కు ఉంటే, అన్నింటినీ చిన్న చిన్న ముక్కలుగా విడగొడితే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఆ దారిలో వెళ్లినవారి అనుభవాన్నీ చూడాలి.

2016 మార్చిలో 'లెఫ్ట్-ప్యాడ్' అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాని రచయిత ఉమ్మడి భాండాగారం నుంచి తొలగించాడు. అందులో ఉన్నది పదకొండు వరుసల కోడ్. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడం దాని పని. దాని మీద నేరుగానో, మరొకదాని ద్వారానో ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ప్రపంచమంతటా కొన్ని గంటలు ఆగిపోయింది. పది వరుసలు సొంతంగా రాసుకోవలసిన చోట ఒక అపరిచితుడి మీద ఆధారపడితే అది మాడ్యులారిటీ అనిపించుకోదు. అప్పు చేయడం అవుతుంది.

2024 జూన్‌లో బయటపడిన పాలీఫిల్ సంఘటన మరో పాఠం. పాత బ్రౌజర్లకు సాయపడే ఒక స్క్రిప్ట్‌ను లక్షకు పైగా సైట్లు తమ సర్వర్‌లో పెట్టుకోకుండా బయటి చిరునామా నుంచి నేరుగా తెచ్చుకునేవి. ఆ చిరునామా యాజమాన్యం మారింది. తర్వాత అక్కడి నుంచి హానికరమైన కోడ్ రావడం మొదలైంది. ఆ సైట్లలో చాలావాటికి ఆ స్క్రిప్ట్ అవసరం ఎప్పుడో తీరిపోయింది; పాత బ్రౌజర్లు పోయాయి, సాయపడే స్క్రిప్ట్ మాత్రం పేజీలో మిగిలిపోయింది. తీయవలసినదాన్ని తీయకపోవడం కూడా పాతదనమే.

కాబట్టి ముక్కల సంఖ్యను బట్టి మంచి చెడులు తేలవు. ప్రతి ముక్కకూ ఒక బాధ్యుడు, ఒక సరిహద్దు, ఒక ముగింపు తేదీ ఉన్నాయా అని అడగాలి.

6.8 పరీక్షించే పద్ధతి

మీలో కొందరు రేపు ఒక మండల స్థాయి కార్యాలయంలోనో, సహకార సంఘంలోనో, కళాశాలలోనో ఇతరులు రాసిన అడ్మిన్ ప్యానెల్‌ను నిర్వహించవలసి వస్తుంది. దాన్ని చేతికి తీసుకునే ముందు ఈ అయిదు పనులు చేయండి.

1. జాబితా రాయండి. బ్రౌజర్‌లోకి వచ్చే ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, అది ఎక్కడి నుంచి వస్తున్నదో ఒక కాగితం మీద రాయండి. మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో ఇటువంటి జాబితా తయారీపై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడే ఈ జాబితాను అడగడం కొనేవారి హక్కు అని గుర్తుంచుకోండి.

2. ఒక్క మాడ్యూల్‌ను ఆపి చూడండి. పరీక్షా సర్వర్‌లో దాన్ని నిలిపివేసి మిగిలినవి తెరవండి. సంబంధం లేని పేజీలో బటన్ ఆగిపోతే అక్కడ దాగిన డిపెండెన్సీ ఉందని అర్థం.

3. ఒక్క లైబ్రరీని తీసి చూడండి. క్యాలెండర్ ప్లగిన్‌ను మార్చాలంటే ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాలో లెక్కించండి. ఒకటి రెండు అయితే మేలు. నలభై అయితే ఆ ప్లగిన్‌కు, మాడ్యూళ్లకు మధ్య ఒక పలుచని సొంత పొరను ముందుగా రాయండి. మార్పు ఆ తర్వాత చేయండి.

4. బయటి చిరునామాల నుంచి వచ్చే ఫైళ్లను సొంత సర్వర్‌లోకి తెచ్చుకోండి. అవసరం లేనివాటిని తొలగించండి. నేటి బ్రౌజర్లలో తేదీ గడి, ఫారం తనిఖీ వంటివి లైబ్రరీ లేకుండానే వస్తాయి.

5. కొత్త కోడ్‌ను ఉమ్మడి జాగాలో రాయకండి. జావాస్క్రిప్ట్ భాషలో 2015 ప్రమాణంతో మాడ్యూళ్లు వచ్చాయి. ప్రతి ఫైలు తనకు కావలసినదాన్ని పేరుపెట్టి అడగవచ్చు. పాతదాన్ని ఒకేసారి కూల్చవలసిన పనిలేదు. ముట్టుకున్న ఫారంనల్లా కొత్త పద్ధతిలోకి తెస్తూ పోండి.

ఈ అయిదింటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వీటికి కావలసింది ఏడాదికి కొన్ని రోజుల సమయం, ఆ సమయాన్ని ఇవ్వాలన్న ఒప్పందం. మన టెండర్లలో నిర్మాణానికి డబ్బు ఉంటుంది; నిర్వహణ అంటే 'సర్వర్ నడవడం' అనే అనుకుంటారు. డిపెండెన్సీలను తాజాగా ఉంచడం నిర్వహణలో భాగమని ఒప్పందంలో రాయనంత కాలం, మాడ్యులర్ అన్న మాట ప్రచార పత్రంలోనే ఉంటుంది.

6.9 సారాంశం

మాడ్యూల్ అంటే మెనూలోని పేరు కాదు, మారే అవకాశం ఉన్న నిర్ణయాన్ని దాచిన చోటు. సారంగాపూర్ ఏ జిల్లాలో ఉందన్న సంగతి ఒక్కచోట ఉంటే, 2016 వంటి మార్పు ఒక్కచోట చేస్తే సరిపోతుంది. అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌లు సర్వర్ వైపు ఈ క్రమశిక్షణ పాటించినా, ఫ్రంట్ ఎండ్ లైబ్రరీలను ఎవరికీ చెందని ఉమ్మడి ఆస్తిగా వదిలేశాయి. వర్డ్‌ప్రెస్ హఠాత్తు మార్పు, జూమ్లా పెద్ద దూకుడు, జాంగో సరిహద్దు మనకు మూడు నమూనాలు. పాతదంతా ప్రమాదం కాదు, చిన్న ముక్కలన్నీ మేలు కాదు. ఏ భాగాన్నయినా తీసి మరొకటి పెట్టగలిగే స్థితిలో ఉంచడమే నిర్వాహకుని పని. కౌంటర్ అవతల నిలబడినవాడు ఒక్కసారికే పని ముగించుకుని ఇంటికి వెళ్ళగలగడం ఆ పనికి అసలు పరీక్ష.

6.10 ముఖ్య పదాలు

అడ్మిన్ ప్యానెల్: సంస్థ సిబ్బంది సమాచారాన్ని నమోదు చేసి, సవరించి, ఆమోదించే లోపలి తెర.
ఫ్రంట్ ఎండ్: బ్రౌజర్‌లో నడిచే, వాడుకునేవారికి కనిపించే భాగం.
డిపెండెన్సీ: ఒక ప్రోగ్రాం నడవడానికి తప్పనిసరిగా ఉండవలసిన మరో ప్రోగ్రాం లేదా లైబ్రరీ.
మద్దతు ముగింపు: తయారీదారులు ఒక వెర్షన్‌కు ఇకపై సవరణలు ఇవ్వబోమని ప్రకటించిన స్థితి.

6.11 నమూనా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మాడ్యూల్ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలను ఉదాహరణలతో వివరించండి.
2. ఒకే పేరున్న రెండు మండలాలు అడ్మిన్ ప్యానెల్‌లో ఎటువంటి చిక్కు తెస్తాయి? పరిష్కారం ఏమిటి?
3. పాతబడటంలోని మూడు రకాలను పేర్కొని, ఒక్కొక్కదానిపై తీసుకోవలసిన చర్యను రాయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వర్డ్‌ప్రెస్, జూమ్లా, జాంగో ఫ్రంట్ ఎండ్ డిపెండెన్సీలను మార్చిన తీరును పోల్చండి. రచయిత మూడో దారిని మేలైనదిగా భావించడాన్ని మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
2. 'నడుస్తున్నదాన్ని కదపకూడదు' అన్న వాదనను, సిరిసిల్ల సాంచాల పోలికను ఆధారం చేసుకుని విమర్శించండి.

III. చేసి చూడండి
మీకు అందుబాటులో ఉన్న ఒక అడ్మిన్ ప్యానెల్‌ను సంబంధిత అధికారి అనుమతితో పరిశీలించి, 6.8లోని మొదటి పని ప్రకారం జాబితా తయారుచేయండి. అందులో మద్దతు ముగిసినవి ఎన్నో గుర్తించి, సంపర్క తరగతికి తీసుకురండి.